దండమునకు సాక్షి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



మహాభారతమున శకుంతల కుమారుని వెంటబెట్టుకొని దుష్యంతుని సభకు వచ్చెను. రాజు ఆమెను ఎరుగననెను. ఆశ్రమమున జరిగిన వివాహమునకు సభలో సాక్షులెవ్వరును లేరు. సూర్యచంద్రులు, పంచభూతములు, రేయింబవళ్లు, అంతరాత్మ మనుష్యుని నడవడిని చూచుచునే యుండునని ఆమె ధర్మము చెప్పెను. ఆ మాట సత్యమే. కాని సభ నమ్మినది ఆ మూగసాక్షులను కాదు. అందరికిని వినబడునట్లు పలికిన ఆకాశవాణిని. తానును నిజము నెరుగుదునని, లోకము శంకింపకుండుటకై ఊరకుంటినని రాజు అప్పుడు చెప్పెను. నిజము ఒకరి మనస్సులో నున్నంత మాత్రమున చాలదు, సభకు తెలియవలెను. పోలీసులు రొమ్మున ధరించు చిన్న కెమెరాను గూర్చిన చర్చకు మూలము ఇదియే.

దండము లేని రాజ్యము లేదు. దొంగను పట్టువాడు, దొమ్మీని ఆపువాడు చేతిలో లాఠీ లేక తిరుగజాలడు. అయితే దండము తగినట్లు ప్రయోగింపబడిన ప్రజను కాపాడుననియు, తప్పి ప్రయోగింపబడిన ప్రయోగించిన వానినే చెరచుననియు మన రాజనీతి గ్రంథములు హెచ్చరించుచున్నవి. నేటి చట్టము పలుకునదియు అదియే. గుంపును మొదట చెదరిపొమ్మని ఆజ్ఞాపింపవలెను. వినని యెడలనే బలము వాడవలెను. ఆ బలము అవసరమునకు మించరాదు. చట్టమునందు లోపము లేదు. ఆ దినమున ఆజ్ఞ వినిపించిరా, అవసరమునకు మించిరా అని తేల్చుటయే కష్టము.

ఈ కష్టమును మన ఉద్దానము ఎరిగినంతగా ఎరిగిన సీమలు తక్కువ. మందసా జమీందారీలో అడవి హక్కులకై రైతులు పోరాడిన కాలమున, 1940 ఏప్రిల్ 1వ తేదీన గుడారి రాజమణిపురమున పోలీసులు కాల్పులు జరిపిరి. ప్రజలు వీరగున్నమ్మ అని పిలుచుకొను సాసుమాను గున్నమ్మ అక్కడ నేలకొరిగెను. డెబ్బదేండ్ల తరువాత, 2010 జూలై 14న, మన పొరుగున సోంపేట బీలభూములలో థర్మల్ విద్యుత్కేంద్రమును వద్దన్న ప్రజలపై కాల్పులు జరిగి మనుష్యులు మరణించిరి. ఆ దినములలోనే పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రమునకిచ్చిన అనుమతిని రద్దు చేసెను. అనుమతి పోయెను గాని పోయిన ప్రాణములు రాలేదు. 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలము కాకరాపల్లి వద్ద మరల అదే విషాదము జరిగెను.

ఈ ఘటనలన్నిటను వాదము ఒక్కటే. ఆత్మరక్షణకై కాల్చితిమని ఒక పక్షము. నిరాయుధులపై కాల్చిరని మరియొక పక్షము. ముందు రాయి పడెనా, ముందు లాఠీ లేచెనా? హెచ్చరిక వినబడెనా? విచారణ మొదలగునప్పటికి దినములు గడచును, జ్ఞాపకములు కరగును, సాక్షులు జంకుదురు. లెక్కలు వ్రాయువారికి ఇది తెలిసిన సంగతియే. ఏనాటి చిట్టా ఆనాడే వ్రాయవలెను. నెల గడచిన పిమ్మట తలచుకొని వ్రాసిన పద్దు ఎంత నిజాయితీపరుడు వ్రాసినను సందేహమునకు తావిచ్చును. బాడీ కెమెరా పోలీసు చర్యకు ఆనాటి చిట్టా వంటిది.

2020 మే 25న అమెరికాలోని మినియాపొలిస్ నగరమున జార్జి ఫ్లాయిడ్ అను నల్లజాతీయుడు పోలీసు మోకాలి క్రింద ప్రాణము విడిచెను. వైద్యసంబంధమైన ఇబ్బంది వలన మరణించెనన్నట్లు పోలీసుల తొలి ప్రకటన వెలువడెను. దారిన పోవు బాలిక తన ఫోనులో చిత్రించిన దృశ్యము ఆ ప్రకటనను తలక్రిందులు చేసెను. మరుసటి యేడు న్యాయస్థానము ఆ పోలీసును దోషిగా నిర్ణయించెను.

అయితే కెమెరా పెట్టినంతనే సర్వము చక్కబడునని భ్రమపడరాదు. కాలిఫోర్నియాలోని రియాల్టో పట్టణమున 2012లో మొదలైన ఏడాది పరీక్షలో బలప్రయోగము సగమునకు పైగా తగ్గినది. కాని వాషింగ్టన్ నగరమున రెండు వేలకు పైగా పోలీసులతో జరిపి 2017లో ప్రకటించిన పరిశీలనలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. సాధనము ఒక్కటే అయినను ఫలము వేరగుటను బట్టి, దానిని నడపు నియమములను కూడ విచారింపవలెనని తెలియుచున్నది.

2020 జూన్‌లో తమిళనాడులోని సాత్తాన్‌కుళం పోలీసు స్టేషనులో హింసకు గురియైన తండ్రీకొడుకులు మరణించిరి. ఆ స్టేషనులో కెమెరాలు లేకపోలేదు. అయితే ఏనాటి దృశ్యము ఆనాడే చెరిగిపోవునట్లు యంత్రమును అమర్చి యుంచిరని విచారణకు వెళ్లిన మేజిస్ట్రేటు కనుగొనెను. నగదు పెట్టె తాళమును లెక్కల పుస్తకమును ఒకని చేతికే ఇచ్చిన సంస్థ ఎంతకాలము నిలుచును? దండము పట్టినవాని చేతనే దాని సాక్ష్యమును కూడ పెట్టుట అట్టిదే.

అదే సంవత్సరము డిసెంబరు 2న సుప్రీంకోర్టు దేశములోని ప్రతి పోలీసు స్టేషనులోను, లాకప్పుతో సహా, మాటలు కూడ వినబడు కెమెరాలుండవలెననియు, ఆ దృశ్యములను పదునెనిమిది నెలలు, తప్పనిచో కనీసము ఒక సంవత్సరము భద్రపరుపవలెననియు ఆదేశించెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత సోదాలను, స్వాధీనములను చిత్రించుట విధిగా చేసెను. ఇక మిగిలినది స్టేషను గోడల వెలుపల, బీలగట్టు మీద, రహదారి మీద లేచు లాఠీ.

కెమెరా పోలీసునకు శత్రువని కొందరందురు. ఆ మాట సరికాదు. రాయి దెబ్బ తిన్న కానిస్టేబులునకును, లేనిపోని నింద మోయు సబ్‌ఇన్‌స్పెక్టరునకును అదియే రక్ష. ఇండ్లలోని స్త్రీలు, ఫిర్యాదు చేయవచ్చిన నిస్సహాయులు ఆ చిత్రములో పడి వీధికెక్కుదురను భయము మాత్రము సహేతుకము. అందుచేత అది బజారున తిరుగు వినోదము కారాదు. న్యాయస్థానమునకును, బాధితునకును, నిందితునకును మాత్రమే అందవలెను.

కావున కోరదగినవి నాలుగు. లాఠీ లేవకముందే కెమెరా తెరచుకొని యుండవలెను. దృశ్యములు ఆ స్టేషను చేతిలో గాక వేరొక అధికారి ఆధీనములో నుండవలెను. దెబ్బతిన్నవాడు అడిగిన నకలు గడువులోగా ఈయవలెను. కెమెరా మూసిన యెడల ఎందుకు మూసెనో ఆ అధికారియే సమాధానము చెప్పవలెను.

గ్రంథాలయ సభ్యులు చేయదగినది కలదు. సుప్రీంకోర్టు ఆదేశమును తెలుగున వ్రాయించి పఠనమందిరమున ఉంచవచ్చును. మన సర్కిలులోని స్టేషనులలో ఎన్ని కెమెరాలున్నవో, ఎన్ని పనిచేయుచున్నవో, దృశ్యములు ఎన్ని నెలలు నిలుచుచున్నవో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద ఒక దరఖాస్తుతో అడుగవచ్చును. దానికి రుసుము స్వల్పము. వచ్చిన జవాబును ఈ గ్రంథాలయపు గోడకు అంటించిన, చదువ వచ్చినవారు చదువరానివారికి చదివి వినిపింతురు.