ముందు జెల్లు, తర్వాతే రోబో

నాపరాతికీ సిమెంటుకూ పేరుపడ్డ ఎర్రగుంట్లలో కణజాల వర్ధనం మీద సదస్సేమిటని కొందరు మిత్రులు అడిగారు. రాతిధూళి మధ్య బతికే మనుషుల ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతుందో తేల్చాల్సిన ఊరు ఇది. ఇంతకంటే తగిన చోటు నాకు తోచలేదు.

చరిత్ర మీకు తెలిసిందే. 1907లో హారిసన్ కప్ప పిండపు నాడీకణాలను వేలాడే బొట్టులో పెంచాడు. 2009లో సాటో, క్లెవర్స్ ఒక్క మూలకణం నుంచి ఎలుక పేగు ఆర్గనాయిడ్‌ను, అంటే పేగును పోలిన చిన్న కణజాలపు ఉండను పెంచారు. 2013లో లాంకాస్టర్, క్నోబ్లిఖ్ మెదడు ఆర్గనాయిడ్లను చూపించారు. అదంతా చేతిపనే. 2018లో సియాటిల్‌లోని ఫ్రీడ్‌మన్ బృందం 384 గుంటల ప్లేట్లలో మూత్రపిండ ఆర్గనాయిడ్లను రోబో చేత పెంచాక అందరి చూపూ యంత్రాల మీదికి మళ్ళింది.

యంత్రం అవసరమే. ఆక్సిజన్ కణజాలంలోకి రెండు వందల మైక్రాన్లకు మించి చొరబడటం కష్టం. ఉండ కాస్త పెద్దదైతే నడిమి కణాలు చస్తాయి. వేల ఉండలను ఒకే పరిమాణంలో నిలపడం మనిషి చేతికి సాధ్యం కాదు. అయితే కణాలు పెరగడానికి ఆ యంత్రం పోసేదేమిటి? చాలాచోట్ల మ్యాట్రిజెల్ అనే జెల్లు, అంటే ఎలుక కణితి నుంచి తీసిన పదార్థం. దానిలోని ప్రొటీన్లు లాటు లాటుకూ మారతాయి. అది నాలుగు డిగ్రీల దగ్గర పలచగా ఉండి, గది వేడి తగలగానే పిపెట్ కొనలోనే గడ్డకడుతుంది. ఒక గుంటలో ఎక్కువ, పక్క గుంటలో తక్కువ పడుతుంది. అలాంటి పదార్థంతో వేగం పెంచడమంటే ఒకే తప్పును 384 సార్లు చేయడం. నేల పదును చూడకుండా గొర్రు కట్టే రైతు ఈ సీమలో ఎవడూ లేడు. మనమేమో జెల్లు సంగతి తేల్చకుండా రోబోలకు టెండర్లు పిలుస్తున్నాం.

కొత్త యంత్రం పక్కన ఫొటో దిగి, ఏ లాటు జెల్లు వాడారో పత్రంలో రాయని పెద్దలున్నారు. వారి ఫలితాలు మరో ల్యాబులో ఎందుకు రావడం లేదో వారే చెప్పాలి. జెల్లు లాట్లను పోల్చి నేను రాసిన పత్రాన్ని ఒక పత్రిక కొత్తదనం లేదని తిప్పి పంపింది. నేను పని నేర్చుకున్న ల్యాబులో ఒక టెక్నీషియన్ అక్క ఉండేది. సీసా వంచి చూసి, ఈ లాటు నిలవదని చెప్పేసేది. ఆమె పరిశీలనలు ఏ పత్రానికీ ఎక్కలేదు. ఆ చూపును కొలతలుగా మార్చకుండా ఆటోమేషన్ పూర్తి కాదు.

దారి మన దగ్గరే ఉంది. 2022 ఆగస్టులో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ కలిసి త్రీడీ ప్రింటర్‌తో కార్నియాను తయారుచేసి కుందేలు కంటిలో అమర్చాయి. వార్తలు ప్రింటర్‌ను పొగిడాయి. నేను మెచ్చుకునేది జెల్లును. అది మనుషులు దానం చేసిన కార్నియాలలోని కణాలను తొలగించి చేసిన జెల్లు. 2023 మార్చిలో కేంద్రం కొత్త ఔషధాల నిబంధనలను సవరించి, జంతు పరీక్షలకు బదులు ఆర్గనాయిడ్ల వంటి పద్ధతులకు చోటిచ్చింది. జంతువులను తప్పించడానికి తెచ్చిన పద్ధతి ఎలుక కణితి మీద ఆధారపడితే ఆ సవరణ ఆశయం సగమే నెరవేరుతుంది.

కనుక ఈ సభను మూడు తీర్మానాలు కోరుతున్నాను. జెల్లు లాటు సంఖ్య, గట్టిదనం, పోసినప్పటి ఉష్ణోగ్రత లేని పత్రాన్ని మన సదస్సు సంచికలో వేయవద్దు. పెంపకం చేసిన టెక్నీషియన్ పేరు రచయితల్లో ఉండాలి. దాతల కణజాలం నుంచి నిలకడైన జెల్లు చేసే పనికి రోబోల కంటే ముందు నిధులివ్వాలి. ఆ జెల్లు మీద శ్వాసనాళపు పొరలను పెంచి, ఈ ఊరి రాతిధూళినే వాటిపై పరీక్షిద్దాం. ఎంత ధూళికి ఎంత హానో ఇక్కడి పాలిషింగ్ కార్మికులకు లెక్కతో చెప్పగలిగిన రోజే మన ఆటోమేషన్ పనికొచ్చిందని నేను ఒప్పుకుంటాను.