మన చలికాలానికి రంగేది?



చలికాలం బొమ్మ వెయ్యమంటే మీలో చాలామంది తెల్లటి మంచుకొండలు వేస్తున్నారు. భద్రాచలం అడవిలో అలాంటి మంచు ఎన్నడైనా పడిందా?

యూరప్‌లో బ్రూగెల్ అనే చిత్రకారుడు 1565లో 'మంచులో వేటగాళ్లు' బొమ్మ వేశాడు. ఇప్పుడది వియన్నా మ్యూజియంలో ఉంది. నేలంతా తెలుపు. ఆకాశానికీ, గడ్డకట్టిన చెరువులకీ పచ్చ కలిసిన బూడిదరంగే. వేటగాళ్లు నల్లగా, వీపులు వంచి ఇంటిదారి పట్టారు. దొరికింది ఒక్క నక్క. వాళ్ల ముఖాలు మనకు కనిపించవు. బాధంతా రంగే చెబుతుంది. ఎడమపక్క చిన్న మంట ఉంది. ఆ ఎరుపు వల్లే చుట్టూ చలి ఇంకా ఎక్కువనిపిస్తుంది.

ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఆ కిటుకు, మంచు కాదు. తెల్లారగట్ల గోదావరి మీద పొగమంచు, కోతయిన వరిమళ్ల గోధుమరంగు, ఇంటిముందు నెగడు ఎరుపు: ఇవీ మన చలికాలం రంగులు.

ఇంకోమాట. శబరి గోదావరిలో కలిసే కూనవరం ఒకప్పుడు ఖమ్మం జిల్లాదే. పోలవరం ముంపు కారణంగా 2014లో ఆ మండలం ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. ఊళ్లు మునిగితే అక్కడి పొద్దులు ఎలా ఉండేవో మీ బొమ్మలే చెప్పాలి. ఈ చలి పోకముందే వెళ్లి, నెగడు దగ్గర కూర్చుని, కంటికి కనిపించిన రంగే వెయ్యండి.