కసాయి శిష్యుడు లేకుంటే గురువు పేరెక్కడిది?

(యువజన శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



జాకీచాన్ పేరు చెబితే మన వాడల్లో పిల్లలు ఎగిరి గంతేస్తరు. 1978లో వచ్చిన 'డ్రంకెన్ మాస్టర్' సినిమాలో ఆయన కట్టింది ఎవరి వేషం? వాంగ్ ఫీ హంగ్ అనే మనిషి వేషం. అది కట్టుకథలో పాత్ర కాదు. దక్షిణ చైనాలో నిజంగా బతికిన మనిషి. ఆయన కథలో మనం పట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. దాని గురించే ఈ నాలుగు మాటలు.

వాంగ్ 1847 ప్రాంతంలో ఫోషాన్‌లో పుట్టిండు. తండ్రి వాంగ్ కీ యింగ్ కూడా పేరున్న కుంగ్‌ఫూ వస్తాదే. అయినా ఇల్లు గడవాలంటే వీధిలో విద్య ప్రదర్శించి, మందులు అమ్ముకోవాల్సిందే. కొడుకు చిన్నప్పుడే తండ్రి వెంట ఊళ్లు తిరిగిండు. పెద్దయినాక కాంటన్ నగరంలో పో చి లామ్ పేరుతో వైద్యశాల పెట్టిండు. విరిగిన ఎముకలు కట్టేవాడు, దెబ్బలకు మందు వేసేవాడు. డప్పు దరువు మీద ఆడే సింహనృత్యంలో కూడా ఆయనదే పేరు.

అంత పేరున్నోడి చివరి రోజులు ఎట్లున్నయి? 1924లో కాంటన్ వర్తకుల సాయుధ దళానికీ, అక్కడి సర్కారుకూ పోరు జరిగింది. బజార్లు తగలబడినయి. పో చి లామ్ కూడా బూడిదయింది. ఆ తర్వాత కొద్దికాలానికే, చేతిలో ఏమీ లేని స్థితిలో వాంగ్ చనిపోయిండు.

కథ అక్కడే ముగిసిపోవాల్సింది. ముగియనీయలేదు. ఎవరు?

లాం సాయ్ వింగ్ అనే శిష్యుడు. ఆయన వృత్తి పంది మాంసం కొట్టడం. ఆ కసాయి చేతులే గురువు విద్యను మోసినయి. హాంగ్‌కాంగ్‌లో బడి పెట్టి నేర్పిండు. తన శిష్యుల సాయంతో ఆ పట్లను పుస్తకాలుగా అచ్చువేయించిండు. నేటికీ ప్రపంచమంతా ఆ విద్య నేర్చుకునేటోళ్లు ఆ పుస్తకాలు తిరగేస్తనే ఉన్నరు. ఆయన శిష్యుడే చూ యూ చాయ్. 1930లలో పత్రికల్లో వాంగ్ కథలను ధారావాహికగా రాసిండు. ఆ కథల మీదనే సినిమాలు లేచినయి.

ఇంకొకరు వాంగ్ భార్య మోక్ క్వాయ్ లాన్. ఆమెకూ కుంగ్‌ఫూ వచ్చు. భర్త పోయినాక హాంగ్‌కాంగ్ చేరి, ఏండ్ల తరబడి పదిమందికీ ఆ విద్య నేర్పింది.

మొదటి సినిమా 1949లో వచ్చింది. క్వాన్ తక్ హింగ్ అనే నటుడు వాంగ్‌గా డెబ్బైకి పైగా సినిమాల్లో నటించిండు. ఒక్క 1956లోనే ఇరవై అయిదు వచ్చినయి! ఆ రోజుల్లో లాం వేషం కట్టింది లావ్ చామ్, లాం దగ్గర స్వయంగా నేర్చుకున్న శిష్యుడు. గురువు వేషం శిష్యుడు కట్టిండంటే అందులో గౌరవముంది.

తర్వాత తర్వాత ఏమయింది? 1991లో 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ చైనా' వచ్చింది. జెట్ లీ వాంగ్ అయిండు, తెల్లవాళ్లను ఎదిరించే జాతి వీరుడయిండు. బాగుంది, మేమూ ఈలలేసినం. మరి కసాయి లాం ఏమయిండు? బొద్దుగా, వీరుడి పక్కన నవ్వులు పూయించే మనిషయిండు. పేరుకు ముందు 'పంది' అని తగిలించిండ్రు. మరి భార్య? ఆమె కనబడదు. ఆమె జాగాలో విదేశంలో చదివొచ్చిన 'పదమూడో అత్త' అనే కల్పిత నాయిక వచ్చింది.

చూసిండ్రా? పుస్తకం అచ్చేయించినోడు నవ్వులపాలు. విద్య నేర్పిన ఆడమనిషి మాయం. వీరుడు మాత్రం తెర నిండా ఉన్నడు.

సినిమా చూడొద్దని మేమనడం లేదు. చూడండి. చూసేటప్పుడు వీరుడి పక్కన నిలబడ్డోడిని కూడా చూడండి. వాని చేతిలో కత్తి ఎందుకున్నది, వాణ్ని చూసి మనమెందుకు నవ్వుతున్నం అని అడగండి. మాంసం కొట్టే వృత్తిని చూసి ఎవరు నవ్వుతరో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇంకో మాట. వాంగ్ దుకాణం కాలిపోయింది, లాం అచ్చేయించిన పుస్తకం మిగిలింది. మన వాడలో డప్పు దరువులు ఎరిగిన తాత ఉన్నడు, ఎముకలు కట్టే పెద్దమ్మ ఉన్నది. వాళ్లు పోకముందే ఒక నోటుబుక్కు తీసుకొని కూర్చోండి. పేరు రాయండి, ఊరు రాయండి, వాళ్లకు ఎవరు నేర్పిండ్రో రాయండి. మనం రాయకుంటే, రేపు మన తాత ఎవడి సినిమాలోనో నవ్వులపాలైతడు.

జై భీమ్!