ఒత్తిడి హార్మోను, దాని తాళం, మన జాగ్రత్త
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీ విరాళాలతో పేదలకు అందే మందుల్లో స్టెరాయిడ్లు కూడా ఉంటాయి. ఆయాసానికి, కీళ్లవాతానికి, చర్మవ్యాధులకు డాక్టర్లు రాసే ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ ఈ జాతివే. ఆ మందు శరీరంలో ఎక్కడ పనిచేస్తుందో తెలిస్తే దాన్ని ఎలా వాడాలో తెలుస్తుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

మన మూత్రపిండాల మీద టోపీల్లా రెండు అడ్రినల్ గ్రంథులు ఉన్నాయి. జబ్బు, గాయం, భయం వంటి ఒత్తిడి ఎదురైనప్పుడు అవి కార్టిసాల్ అనే హార్మోనును ఎక్కువగా విడుదల చేస్తాయి. అయితే హార్మోను తాళంచెవి మాత్రమే. తాళం కణం లోపల ఉంటుంది. దాని పేరు గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్. 777 అమైనో ఆమ్లాలు గుచ్చిన దండ లాంటి ప్రోటీన్ అది. తాళంచెవి పడగానే అది కణకేంద్రకంలోకి వెళ్లి కొన్ని జన్యువులను మేల్కొల్పుతుంది, కొన్నింటిని నిద్రపుచ్చుతుంది.

మందు ముందు వచ్చింది, తాళం తర్వాత దొరికింది. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాతంతో బాధపడుతున్న ఒక మహిళకు కార్టిసోన్ ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే ఆమె నడవగలిగింది. 1950లో ఆయనతో పాటు కెండాల్, రైక్‌స్టైన్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. మనిషి శరీరంలోని ఈ తాళం తాలూకు జన్యువును సాల్క్ సంస్థలో రోనాల్డ్ ఎవాన్స్ బృందం చదివింది మాత్రం 1985లో.

జన్యువు దొరికాక ఆ ప్రోటీన్‌ను మనిషి శరీరం నుంచి తీయాల్సిన పని లేదు. జన్యువును సూక్ష్మజీవిలోనో, పురుగుల కణాల్లోనో పెడితే అవే తయారుచేస్తాయి. దాన్ని శుద్ధిచేసి గడ్డకట్టించి దాస్తారు. దీన్నే రీకాంబినెంట్ పద్ధతి అంటారు. ఇది మనకు కొత్తేమీ కాదు. ఒకప్పుడు ఇన్సులిన్‌ను పంది, పశువుల క్లోమం నుంచి తీసేవారు. 1982 నుంచి సూక్ష్మజీవుల్లో తయారైన మానవ ఇన్సులిన్ అందుబాటులోకి వచ్చింది. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకాను తెచ్చింది ఈ దారిలోనే.

అయితే రిసెప్టర్ ప్రోటీన్ మందు కాదు. సీసా మీద 'పరిశోధనకు మాత్రమే' అని ఉంటుంది. కొత్త మందు ఈ తాళంలో ఎంత గట్టిగా పడుతుందో రోగికి ఇవ్వకముందే దీనితో కొలుస్తారు. ఈ ప్రోటీన్ చాలా సున్నితం, తేలిగ్గా ముద్దకట్టిపోతుంది. అందుకే 2002లో శాస్త్రవేత్తలు దానిలో ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చి, మందు పట్టుకునే భాగం ఆకారాన్ని చూడగలిగారు.

ఇంత శ్రమ ఎందుకంటే, ఈ తాళం శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ ఉంది. ఊపిరితిత్తికి మేలుచేసే మాత్ర ఎముకనూ తాకుతుంది, కంటినీ తాకుతుంది. ఎక్కువకాలం వాడితే షుగర్, బీపీ పెరగవచ్చు, ఎముకలు గుల్లబారవచ్చు, కంట్లో శుక్లాలు రావచ్చు. మేలును ఉంచి కీడును తగ్గించే తాళంచెవి కోసమే ప్రయోగశాలల్లో వెతుకులాట.

సరైన రోగికి సరైన వేళ ఇస్తే ఇదే మందు ప్రాణదాత. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరీక్షలో, వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల్లో డెక్సామెథసోన్ మరణాలను సుమారు మూడో వంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం మేలు కనిపించలేదు.

కాబట్టి దాతలకు నా విన్నపాలు మూడు. ఒకటి, చీటీ లేకుండా నొప్పుల కోసం స్టెరాయిడ్ కొనుక్కునేవారికి డబ్బిచ్చే ముందు డాక్టరు దగ్గరికి పంపండి. రెండు, నెలల తరబడి వాడుతున్నవారు ఒక్కసారిగా ఆపకూడదు. బయటి నుంచి మందు వస్తుంటే అడ్రినల్ గ్రంథులు పని తగ్గించేస్తాయి. హఠాత్తుగా ఆపితే ప్రాణానికే ముప్పు. మందుల డబ్బు మధ్యలో అయిపోయి ఏ రోగీ మాత్ర మానేసే పరిస్థితి రానివ్వకండి. మూడు, రంజాన్ రోజాలకు ముందే మాత్రల వేళల గురించి డాక్టరును అడగమని వారికి చెప్పండి.

మీరిచ్చే రూపాయి మందు కొనడంతో ఆగిపోకుండా, ఆ మందు సరిగా వాడేలా చూడటానికీ ఉపయోగపడాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.