పోటీకి వెళ్ళే కవిత ఎవరిది?

(కోహీర్‌లో జరిగిన మన సొసైటీ వార్షిక సభలో విద్యా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



స్కాలర్‌షిప్పుల లెక్క, రంజాన్ రేషన్ లెక్క, వైద్య సాయం లెక్క కోశాధికారి గారు ఇప్పుడే చదివి వినిపించారు. వాటి పక్కన మా పద్దు చాలా చిన్నది. ‘కవితల పోటీలు: ప్రయాణాలు, పుస్తకాలు’ అని ఒక్క వరుస. పోయిన ఏడు ఒక దాత ఆ వరుస మీద వేలు పెట్టి, "పిల్లల ఫీజులకని ఇచ్చిన పైసలు కవిత్వానికి ఎందుకు పోతున్నాయి?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఆ రోజు మేము సరిగా జవాబు చెప్పలేకపోయాం. ఈ రోజు చెబుతాం. ఆ జవాబుతో పాటు మేము చేసిన ఒక తప్పు కూడా ఒప్పుకోవాలి.

ముందుగా ఒక మాట. ఈ ఖర్చులో జకాత్ సొమ్ము ఒక్క పైసా లేదు. జకాత్ చేరవలసిన వాళ్ళకే చేరుతోంది. ఇది మామూలు చందాల నుంచి తీసినది.

కోహీర్‌లో పెరిగే మన పిల్లల నోట్లో ఎన్ని భాషలో చూడండి. ఇంట్లో దక్కనీ, బజార్లో తెలుగు, చదివే కితాబులో ఉర్దూ, బడిలో ఇంగ్లీషు. బీదర్ వైపు చుట్టాలుంటే కొంచెం కన్నడం. ఇన్ని భాషలున్నా, మనసులో ఉన్నది చెప్పమంటే పదిహేనేళ్ళ పిల్లవాడికి నోరు రాదు. నోటుబుక్కు వెనక పేజీల్లో రాసుకుని దాచుకుంటాడు. పోటీ ప్రకటన వచ్చినప్పుడు ఆ వెనక పేజీ బయటికి వస్తుంది. ఒక గడువు ఉంటుంది. ఇంటి మనిషి కాని ఒకరు దాన్ని చదువుతారు. పోటీ వల్ల మేము చూసిన మొదటి లాభం ఇదే. బహుమతి తర్వాతి మాట.

పోటీలకు కొదవ లేదు. ఫిబ్రవరి 21 మాతృభాషా దినోత్సవం, తర్వాత ఉగాది, ఆగస్టు 29 గిడుగు జయంతి, సెప్టెంబరు 9 కాళోజీ జయంతి, నవంబరు 9 ఇక్బాల్ జయంతి నాటి ఉర్దూ దినం, నవంబరు 11 మౌలానా ఆజాద్ జయంతి, 14 బాలల దినోత్సవం. ఈ తేదీల చుట్టూ బడులు, కాలేజీలు, గ్రంథాలయాలు, సాహిత్య సంఘాలు పోటీలు పెడుతుంటాయి. నియమాలు దాదాపు ఒకే తీరు. అంశం వాళ్ళే ఇస్తారు. ఇన్ని పంక్తులు మించరాదంటారు. కవిత ఉన్న కాగితం మీద పేరు ఉండకూడదు. పేరు, చిరునామా వేరే కాగితం మీద రాయాలి. దానితో పాటు హామీపత్రం జతచేయాలి. ఈ కవిత నా సొంతం, అనువాదం కాదు, అనుకరణ కాదు, ఎక్కడా అచ్చు కాలేదు, మరో చోట పరిశీలనలో లేదు అని రాసి సంతకం పెట్టాలి.

మేము తప్పు చేసింది ఆ హామీపత్రం దగ్గరే.

కొన్నేళ్ళ కింద ఇంటర్ మొదటి సంవత్సరం చదివే ఒక అమ్మాయి మాకు కవిత తెచ్చి ఇచ్చింది. కోహీర్ జామకాయకు ఎంత పేరుందో మీకు తెలుసు. ఆ అమ్మాయి తండ్రి తోటలు గుత్తకు పట్టి కాయలు అమ్ముతాడు. మంచివి అమ్మకానికి టోక్రీలో పైన పేర్చి, దెబ్బ తగిలినవి ఇంటికి తెస్తాడు. మేము పెరిగిందంతా ఆ దెబ్బ తగిలిన కాయల మీదే, వాటికి తీపి తక్కువేమీ లేదు అని రాసింది. అంతే. పన్నెండు పంక్తులు. మధ్యలో ‘అబ్బా’ ఉన్నాడు, ‘అమ్మీ’ ఉంది, ‘టోక్రీ’ ఉంది. చివర నీతి లేదు.

మేము పెద్దవాళ్ళం, నాలుగు పుస్తకాలు చదివినవాళ్ళం. న్యాయనిర్ణేతలకు ఏం నచ్చుతుందో మాకు తెలుసనుకున్నాం. ‘అబ్బా’ను ‘నాన్న’ చేశాం. ‘అమ్మీ’ని ‘అమ్మ’ చేశాం. ‘టోక్రీ’ని ‘బుట్ట’ చేశాం. పోటీ అంశం ‘రైతు’ కాబట్టి, రైతు దేశానికి వెన్నెముక అంటూ చివర నాలుగు పంక్తులు అతికించాం. హామీపత్రం మేమే రాసి సంతకం పెట్టమన్నాం. పెట్టింది. పెద్దలు చెబితే పెట్టకుండా ఉంటుందా?

రెండో బహుమతి వచ్చింది. షీల్డు, శాలువా, ఫొటో. వేదిక మీద చదవమన్నారు. తన పంక్తులు చూడకుండా చెప్పింది. మేము అతికించిన నాలుగు పంక్తుల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. కాగితం విప్పి చూసి చదివింది. తిరుగు బస్సులో ఆ షీల్డు మా ఒళ్ళో పెట్టి, "చాచా, ఇది సొసైటీలోనే ఉంచండి. ఇంటికి తీసుకుపోయి కవిత చదివితే, నన్నెందుకు నాన్న అన్నావని మా అబ్బా అడుగుతాడు" అన్నది.

మేము మాట్లాడలేకపోయాం. ఆ తర్వాత ఆ అమ్మాయి తన నోటుబుక్కు మాకు చూపించలేదు.

పెద్దలారా, రసీదు పుస్తకంలో పది రూపాయల తేడా వస్తే మన కోశాధికారి గారు రాత్రంతా కూర్చుని వెతుకుతారు. అది మీరు అప్పగించిన అమానత్ కాబట్టి. పిల్ల తన మాటను తెచ్చి మన చేతిలో పెడితే అదీ అమానతే. మేము దాన్ని మార్చి, పైగా సొంతమని సంతకం పెట్టించాం. అబద్ధపు సాక్ష్యం ఎంత పెద్ద తప్పో పిల్లలకు చెప్పే మేమే ఆ పని చేయించాం.

మరి దిద్దడమే తప్పా? కాదు. పోటీ, దిద్దుబాటు రెండూ మనకు పాతవే. అరబ్బు దేశంలో ఇస్లాంకు ముందే ఉకాజ్ సంతలో కవులు పోటీ పడేవారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) కాలంలో కవి హస్సాన్ బిన్ సాబిత్ కోసం మసీదులోనే వేదిక వేయించారని హదీసులు చెబుతాయి. కవిత్వం మనకు తగునా అని అడిగే తల్లిదండ్రులకు మేము ఈ సంగతే గుర్తు చేస్తాం. మన దక్కన్‌లో తరహీ ముషాయిరాలు ఉండేవి. ముందే ఒక మిస్రా ఇస్తారు. అందరూ అదే ఛందస్సులో, అదే ప్రాసలో గజల్ రాసుకుని వస్తారు. తెలుగు అవధానంలో సమస్య ఇచ్చినట్టే. ఇక ఇస్లాహ్ అంటే ఉస్తాద్ శిష్యుడి కవితను దిద్దడం. మీర్జా గాలిబ్ దూరాన ఉన్న శిష్యుల కవితలను టపాలో తెప్పించుకుని దిద్ది పంపేవారు. హర్‌గోపాల్ తఫ్తాకు ఆయన రాసిన ఉత్తరాలు ప్రసిద్ధం. ఆ దిద్దుబాటులో ఎక్కడ మార్చారో, ఎందుకు మార్చారో శిష్యుడికి కనిపిస్తుంది. ఒప్పుకునేదీ నేర్చుకునేదీ అతనే. మేము చేసింది ఇస్లాహ్ కాదు. నేర్పకుండా మార్చేశాం.

ఇప్పుడు మా పద్ధతి వేరు. పిల్లల కవిత మీద మేము పెన్ను పెట్టం. అర్థం కాని చోట పెన్సిల్‌తో ఒక గీత గీసి, "ఇక్కడ ఏం చెప్పాలనుకున్నావు?" అని అడుగుతాం. వాళ్ళు నోటితో చెప్పేదే చాలాసార్లు రాసిన దానికన్నా బాగుంటుంది. అదే రాయమంటాం. అక్షర దోషాలుంటే నిఘంటువు చేతికిస్తాం. హామీపత్రం వాళ్ళే చదివి, అర్థం చేసుకుని, వాళ్ళ చేత్తోనే రాస్తారు.

ఇంకో సంగతి, ఇంటి మాట గురించి. ‘అబ్బా’ అని రాస్తే మార్కులు తగ్గుతాయని మేము భయపడ్డాం. ఆ భయానికి ఆధారం లేదు. పలుకుబడిలో ఉన్న భాషలోనే రాయాలని జీవితమంతా వాదించిన కాళోజీ పుట్టినరోజునే తెలంగాణ భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. బీదర్ జిల్లా చిట్గుప్పాలో పుట్టిన సులేమాన్ ఖతీబ్ ఇళ్ళల్లో ఆడవాళ్ళు మాట్లాడే దక్కనీలోనే రాసి ముషాయిరాలను నవ్వించారు, ఏడిపించారు. పిఠాపురంలో ఉమర్ అలీషా (1885–1945) తెలుగు పద్యం చేపట్టి కవిగా నిలిచారు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ వచ్చింది. 1998లో స్కైబాబ సంపాదకత్వంలో ‘జల్‌జలా’ వచ్చింది. ఆ తర్వాత షాజహానా ‘నఖాబ్’ వచ్చింది. ఇవన్నీ తెలుగు కవితా పుస్తకాలే. ముస్లింల ఇంటి మాటలు తెలుగులోకి వచ్చి కూర్చున్నాయి, ఎవరూ లేచి పొమ్మనలేదు. ఈ పుస్తకాలు మన పిల్లల చేతికి అందక ముందే మేము వాళ్ళ మాటలు కొట్టేశాం. పుస్తకాల అలమరా కావాలని అడగడానికి అదొక కారణం.

ఇక పైసల సంగతి. అన్ని పోటీలూ పోటీలు కావు. రెండేళ్ళ కింద నలుగురు అబ్బాయిలు ఫోన్‌లో ప్రకటన చూసి తలా కొంత ప్రవేశ రుసుం కట్టారు. నలుగురూ గెలిచారు! సర్టిఫికెట్లు వచ్చాయి. కవిత సంకలనంలో అచ్చు వేస్తాం, మీరు రెండేసి ప్రతులు కొనాలి అన్నారు. ఒకడు నానీ ఇచ్చిన ఈదీ మొత్తం అందులో పెట్టాడు. వాడి కవితను అసలు ఎవరైనా చదివారో లేదో. అప్పటి నుంచి ఏ ప్రకటన వచ్చినా పిల్లల చేతనే కొన్ని ప్రశ్నలు అడిగిస్తున్నాం. రుసుం ఉందా? న్యాయనిర్ణేతల పేర్లు చెప్పారా? పోయినసారి గెలిచిన కవితలు ఎక్కడైనా చదవగలమా? పుస్తకం కొనాలన్న షరతు ఉందా? కవిత మీద హక్కు ఎవరికి పోతుంది? బ్రిటన్‌లో 11 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు ఏటా జరిగే ఫాయిల్ యంగ్ పోయెట్స్ పోటీకి ప్రవేశ రుసుమే లేదు. వంద మందిని ఎంచుతారు, అందులో 15 మంది ముందు వరుస. ఆ వరుసలో వాళ్ళకు దక్కే బహుమతిలో ముఖ్యమైనది కవుల దగ్గర రాత నేర్చుకునే అవకాశం. మంచి పోటీ పిల్లల దగ్గర తీసుకోదు, పిల్లలకు నేర్పుతుంది.

ఈ మధ్య మరో చిక్కు వచ్చింది. అంశం చెబితే ఫోనే కవిత రాసిస్తుంది. పిల్లల మీద కోప్పడే ముందు మాకు మా షీల్డు గుర్తొస్తుంది. ఫోన్ ఇప్పుడు చేస్తున్న పని మేము దానికన్నా ముందే చేశాం. అందుకని తిట్టకుండా ఒకటే అడుగుతాం: "ఇది మీ ఇంట్లో చదివి వినిపించగలవా?" ఆ ప్రశ్నతో చాలామంది నోటుబుక్కు దగ్గరికి తిరిగి వస్తున్నారు.

అమ్మాయిలు వేదిక ఎక్కడం గురించి కొందరు తల్లులకు సంకోచం ఉంది. ఆ సంకోచాన్ని మేము గౌరవిస్తాం. బలవంతం చేయం. అయితే ఒక సంగతి చెబుతాం. అబూ దాబీలో ‘మిలియన్స్ పోయెట్’ అని టీవీలో కవితల పోటీ జరుగుతుంది. 2010లో హిస్సా హిలాల్ అనే సౌదీ గృహిణి నిఖాబ్‌లోనే వేదిక మీదికి వచ్చి, ఎందరో మగ కవులను దాటి మూడో స్థానం తెచ్చుకుంది. తల్లి తోడుగా వస్తానంటే ఆమె బస్సు చార్జీ కూడా మేమే ఇస్తున్నాం. మా పద్దు కొంచెం పెరిగింది అందుకే.

ఓడిపోయిన పిల్లల మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది వాళ్ళే. గాలిబ్ తన ఉర్దూ గజళ్ళలో చాలా భాగం పందొమ్మిదేళ్ళ లోపే రాశారంటారు. కానీ అందరికీ ఆ వయసులో రాదు. మన జిల్లా అందోల్‌లో 1908లో పుట్టిన మఖ్దూం మొహియుద్దీన్ సంగతి చూడండి. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. బంధువుల పెంపకంలో పెరిగారు. ఉస్మానియాలో చదువుకుంటూ సరదాగా రాసిన ‘పీలా దుషాలా’తో ఆయన పేరు నలుగురికి తెలిసింది. అప్పటికి పాతికేళ్ళు. 1969లో ‘బిసాతే రఖ్స్’కు సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. పదహారేళ్ళకు బహుమతి రాలేదని ఏడ్చే పిల్లవాడికి మేము అందోల్ పేరు చెబుతాం. దూరం కాదు, మన జిల్లాయే.

ఇక మీ ప్రశ్నకు జవాబు. ఫీజు కడితే పిల్లవాడు బడికి పోతాడు. బడిలో లేచి నిలబడి తన మాట తాను చెప్పగలగాలి కదా. రేపు ఇంటర్వ్యూలోనైనా, ఆఫీసులో అర్జీ పెట్టేటప్పుడైనా, ఇంట్లో అన్యాయం జరిగినప్పుడైనా కావలసింది అదే ధైర్యం. ఆ ధైర్యం మీదే మీ డబ్బు ఖర్చవుతోంది.

మీ నుంచి మేము కోరేవి మూడు. ఒకటి, తెలుగు, ఉర్దూ కవితా పుస్తకాలతో ఒక అలమరా. రెండు, పోటీకి వెళ్ళే పిల్లలకూ తోడు వచ్చే తల్లికో తండ్రికో బస్సు చార్జీలు. మూడోది పైసలతో రాదు. నెలలో ఒక ఆదివారం వచ్చి, పిల్లలు చదువుతుంటే కూర్చుని వినండి. దిద్దకండి, వినండి. కొత్త షీల్డులు మాత్రం వద్దు.

పాత షీల్డు ఇంకా మా ఆఫీసు అలమరాలోనే ఉంది. ఆ అమ్మాయి ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. పోయిన ఈద్ తర్వాత తమ్ముడి స్కాలర్‌షిప్ ఫారం ఇవ్వడానికి వచ్చింది. షీల్డు వైపు కాసేపు చూసి, "ఇప్పుడు కూడా పంక్తులు కలుపుతున్నారా చాచా?" అని అడిగింది. లేదమ్మా అన్నాం. తను ఇంకా రాస్తోందా అని అడగాలనిపించింది కానీ అడగలేదు. ఆమె తనంతట తాను చెప్పే రోజు వస్తే వింటాం, ఇన్షాఅల్లాహ్.