సంచి తెచ్చుకున్నారా?

2002 మార్చిలో ఐర్లండ్ ప్రభుత్వం దుకాణాల్లో ఇచ్చే ప్రతి ప్లాస్టిక్ సంచికీ 15 సెంట్ల పన్ను వేసింది. ఏడాది తిరక్కుండానే వాడకం 90 శాతానికి పైగా పడిపోయింది.

ఇంగ్లండ్ 2015 అక్టోబరులో అదే బాట పట్టింది. పెద్ద దుకాణాల్లో సంచికి 5 పెన్నీలు. 2021లో దాన్ని 10 పెన్నీలు చేసి, చిన్న కొట్లకూ వర్తింపజేశారు. బండి నిండా సరుకులు కొనేవారికి 5 పెన్నీలు ఒక లెక్కా? కాదు. కానీ "సంచి కావాలా?" అని అడిగి బిల్లులో కలుపుతామంటే చేయి దానంతటదే వెనక్కొస్తుంది. ఊరికే వచ్చినన్నాళ్లూ ఎన్ని తెచ్చుకున్నామో ఎవరు చూసుకున్నారు గనక!

అయితే ముందు గుమ్మం మూస్తే దొడ్డిదారి తెరుచుకుంది. జీవితకాలం వాడుకోమని దుకాణాలు అమ్మే మందపాటి ప్లాస్టిక్ సంచులు బ్రిటన్‌లో 2019లోనే 150 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. ఇదేం జీవితకాలమో!

ఇక ఆ సంచిలోకి చేరేవేమిటి? ప్లాస్టిక్ చుట్టిన కీరదోసకాయలు, ప్లాస్టిక్ పళ్లేల్లో సర్దిన టమాటాలు. సంచి మానేశామన్న తృప్తిలో ఈ తొడుగులు కంటికి ఆనవు. తొడుగు ఉంటే కీరదోస నాలుగు రోజులు ఎక్కువ నిలుస్తుంది, నిజమే. టమాటాకు పళ్లెం దేనికో మాత్రం నాకు బోధపడదు.

మళ్లీ సంచుల సంగతికొస్తే, మన దేశంలో 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకన్నా పలుచని ప్లాస్టిక్ సంచులు నిషిద్ధం. రేపు రైతుబజారుకు బయల్దేరేటప్పుడు తలుపు వెనక వేలాడే గుడ్డసంచిని మరిచిపోకండి.