వ్యాపారానికి వ్రాత సాయం
(సంఘ ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను మెట్రిక్ చదివి రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. వ్యాపారం గురించి మాట్లాడటానికి నీకేమి అర్హత అని మీరు అడగవచ్చు. మా బావగారి చద్దర్ల దుకాణం కోసం రెండేళ్లుగా పడిన పాట్లే నా అర్హత.

షోలాపురం చద్దరు సంగతి ఈ సభలో చెప్పనక్కరలేదు. తెలంగాణపు పల్లెలనుంచి మగ్గం పని వెదుక్కుంటూ వచ్చిన మన పద్మశాలి కుటుంబాలు పెంచిన సరుకు అది. భౌగోళిక గుర్తింపు కూడ పొందినది. అయినా ఎక్కడో నేసిన పలచని దుప్పటికి ఆ పేరు తగిలించి అమ్ముతూంటే, అసలు నేసినవాడు దుకాణంలో ఈగలు తోలుకుంటున్నాడు. మా బావ నాలుగు మగ్గాలలో రెండు ఆపివేశాడు.

ఆ సమయంలో ఒకాయన వచ్చి, గూగుల్‌లో మొదటి పుటలోనే కనిపించేటట్లు చేస్తానని సొమ్ము పుచ్చుకున్నాడు. ఆయన చేసినదేమిటయ్యా అంటే, "మంచి చద్దరు, చౌక చద్దరు, షోలాపురం చద్దరు" అని ఒకటే మాట పుట నిండా జపం చేయించి, మిగతాది ఇతరుల వ్రాతలనుంచి ఎత్తివేయటం. అటువంటి జపాన్ని మోసపు పద్ధతిగా గూగుల్‌వారు తమ నియమాలలోనే వ్రాసుకున్నారు. ఆరు నెలలకు ఒక్క బేరమూ రాలేదు.

నాకు మా విచారణ కిటికీ జ్ఞాపకం వచ్చింది. అక్కడికి వచ్చే ప్రయాణికుడు బండి నెంబరు అడగడు. "పండరపురం పోవాలె, ఎక్కడ బండి మారాలె?" అంటాడు. కుర్డువాడిలో అని చెప్పినవానికి దండం పెట్టి పోతాడు. గోడమీద ఎంత పెద్ద టైంటేబిలు వేలాడుతున్నా అతని ప్రశ్నకు అది జవాబు కాదు. గూగుల్ కూడ ఒక విచారణ కిటికీయే. లోకంలోని పుటలను ముందుగానే చదివి, ఏ మాట ఎక్కడ ఉన్నదో సూచిక వేసుకుంటుంది. అడిగినవాని ప్రశ్నకు ఏ పుట పనికివస్తుందనుకుంటే దానిని పైకి తెస్తుంది. సొమ్మిచ్చి వేయించే ప్రకటనలు వేరు, వాటిమీద ప్రకటన అని గుర్తు ఉంటుంది. ఈ రెండవ వరుసలో చోటు డబ్బుకు రాదు.

ఇక మా అక్క ఒక నోటుబుక్కు తీసి, దుకాణానికి వచ్చినవారు అడిగే ప్రశ్నలను వారి మాటలలోనే వ్రాయసాగింది. రంగు పోతుందా? ఉతికితే ముడుచుకుంటుందా? అసలుదని ఎట్లా పోల్చాలి? ఇద్దరికి ఏ కొలత చాలు? ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క పుట, మరాఠీలో, హిందీలో, తెలుగులో. బొమ్మలో అక్షరాలు చెక్కి పెట్టక, చదవటానికి వీలుగా వ్రాతగానే ఉంచాము.

తగాదా రంగు దగ్గర వచ్చింది. ముదురు రంగు చద్దరు మొదటి ఉతుకులలో కొంత రంగు వదలవచ్చు, విడిగా చన్నీళ్లలో ఉతకండి. నూలు గనుక కొద్దిగా ముడుచుకుంటుంది అని నేను వ్రాశాను. బావ మండిపడ్డాడు. "మన సరుకు తప్పు మనమే చాటుకుంటమా? నీకేం, నెల తిరిగితే జీతమొస్తది!" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకున్నది. నిజమే కదా, నష్టం వస్తే నాది కాదు. రెండు వారాలు మా మధ్య మాటలు లేవు.

ఈ విద్య కొత్తది కాదు. మదరాసులో లోధ్ర అనే స్త్రీల మందు అమ్మిన డాక్టరు కె. ఎన్. కేసరిగారు 1928లో 'గృహలక్ష్మి' పత్రిక పెట్టి, ఇల్లాండ్రకు పనికివచ్చే సంగతులు వేశారు, రచయిత్రులకు స్వర్ణకంకణాలు బహూకరించారు. చదివిన ఇంట మందు పేరు కూడ నిలిచింది. 1893లో బొంబాయిలో అమృతాంజనం స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో అక్కడే ఆంధ్రపత్రిక ప్రారంభించారు. అయితే పంతులుగారిది మందు అమ్ముకునే ఉపాయమని నేననను. వారు మందు సంపాదనను పత్రికకు, దేశానికి ధారపోశారు. ప్రవాసంలో ఉన్న తెలుగువాడు వ్యాపారమూ వ్రాతా ఒకే ఇంట ఉంచుకున్నాడని మాత్రమే నా మనవి.

చివరకు అక్క పట్టుపట్టి ఆ పుటను ఉండనిచ్చింది. నాలుగు నెలలు ఏమీ కదలలేదు. ఇది ఓపిక పని. తరువాత ఒక వసతిగృహం యజమాని ఫోను చేసి, "రంగు వదలుతుందని చెప్పిన దుకాణం మీదేనా?" అని అడిగి, ముందు ఆరు చద్దర్లు తెప్పించుకున్నాడు. ఉతికి చూసుకున్న తరువాత మరి నలభై. అదే పుట చదివి వద్దన్నవారూ ఉన్నారు, దాచటం దేనికి? మూడవ మగ్గం దీపావళికి ఆడింది. నాల్గవది ఇంకా ఆగే ఉన్నది.

దుకాణాలున్న మన సంఘ సభ్యులలో ఎవరికైనా ఇటువంటి పుటలు వ్రాసుకోవాలని ఉంటే, ఆదివారం సాయంకాలాలు నాకు డ్యూటీ ఉండదు. నోటుబుక్కు మాత్రం మీరే తెచ్చుకోండి. ప్రశ్నలు మీ కొనుగోలుదారులు అడిగినవే అయి ఉండాలి.